పిట్టల వంతు

మార్గశిరం సగం గడిచేసరికి మా ఉద్దానంలో కొబ్బరినూనె సీసాలోనే పేరుకుంటుంది. తలకు రాసుకోవాలంటే సీసాను కాసేపు ఎండలో ఉంచాలి, లేకపోతే వేణ్ణీళ్ల చెంబులో నిలబెట్టాలి. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు... సముద్రం ఒడ్డున సాగే ఈ కొబ్బరి, జీడి, పనస తోటల్లో చలికి మాకు తెలిసిన కొలత అదే. తెల్లవారుజామున 15 డిగ్రీలకు అటూ ఇటూ దిగుతుంది. మంచు కమ్ముతుంది, ఆకుల చివర్ల నుంచి చుక్కలు చుక్కలుగా నీళ్లు రాలతాయి. పొద్దు బారెడెక్కేసరికి ఆ చలి ఎటు పోయిందో తెలియదు.

మిషిగన్‌లో ఉంటున్న మా మేనకోడలికి చలి అంటే వేరు. "మావయ్యా, రాత్రి మైనస్ 18 కి పోయింది. పొద్దున్న లేచి చూస్తే ఆ పిట్ట కొమ్మ మీద మామూలుగానే గెంతుతోంది. ఎలా బతికిందో ఏంటో!" అంది ఒకసారి ఫోన్లో. ఆ పిట్ట పేరు చికడీ. బరువు 11 గ్రాముల చుట్టుపక్కల, అంటే రెండు చెంచాల పంచదారకు కాస్త ఎక్కువ. చలికాలపు రాత్రి అది తన ఒంటి వేడిని తానే పది పన్నెండు డిగ్రీలు తగ్గించుకుని, ఉన్న కొవ్వును పొదుపుగా కాల్చుకుంటూ తెల్లవారేదాకా నెట్టుకొస్తుంది. తెల్లారాక మళ్లీ కొవ్వు కూడబెట్టుకోవాలి. ఆ పగలు ఏమీ దొరక్కపోతే ఆ మరుసటి రాత్రి గడవడం కష్టం.

ఆ పిట్టల కోసం మా పిల్ల ఇంట్లోనే కొవ్వు అచ్చులు పోస్తుంది. అక్కడ దాన్ని సూయెట్ అంటారు. ఆవు, గొర్రె వంటి పశువుల మూత్రపిండాల చుట్టూ, నడుము లోపలి భాగంలో గట్టిగా, తెల్లగా, పెళుసుగా ఉండే కొవ్వు అది. మాంసం దుకాణంలో అడిగి గొర్రె కొవ్వు తెచ్చుకుంటుంది. చిన్న ముక్కలుగా తరిగి, అడుగు మందంగా ఉన్న గిన్నెలో సన్నటి సెగ మీద కరగనిస్తుంది. తొందరపడి మంట పెంచితే మాడుతుంది. కరిగినదాన్ని పల్చటి గుడ్డలో వడగట్టి చల్లారనిస్తుంది. పేరుకున్నాక మరోసారి కరిగించి మళ్లీ వడగడుతుంది. రెండోసారి కరిగిస్తేనే అచ్చు గట్టిగా నిలుస్తుందట. అందులో దంచిన వేరుశనగ పలుకులు, మొక్కజొన్న రవ్వ, ఓట్స్ కలిపి, పాత డబ్బాల్లో పోసి, గడ్డకట్టాక తీగ పంజరంలో పెట్టి చెట్టుకు వేలాడదీస్తుంది. ఉప్పు మాత్రం తగలనివ్వదు. ఉప్పు పట్టించిన మాంసపు కొవ్వు పిట్టలకు చెరుపు. ఒక గ్రాము కొవ్వులో 9 కేలరీలు, అంతే బరువున్న గింజల పిండిలో 4. పగలు కురచగా ఉండే ఆ నేలమీద పిట్ట ముక్కుకు అందే ప్రతి తునకలోనూ రెట్టింపు రాత్రి దాగి ఉందన్నమాట.

ఇది విన్నప్పటి నుంచి నాకు ఆ పిల్ల మీద గౌరవం పెరిగింది. ఉద్యోగం, ఇద్దరు పిల్లలు, గడ్డకట్టిన రోడ్లు, వీటన్నిటి నడుమ ఒక పూట పొయ్యి దగ్గర నిలబడి, తనకు ఏమీ కాని ఒక ప్రాణి రాత్రి గురించి ఆలోచించడం చిన్న పని కాదు. పిట్ట వచ్చి పంజరానికి తలకిందులుగా వేలాడి పొడుచుకు తినేటప్పుడు వంటింటి కిటికీలోంచి పిల్లలిద్దరూ చూస్తారట. నెలల తరబడి తలుపులు మూసుకుని ఉండాల్సిన దేశంలో ఆ చూపు పిట్టకూ మనిషికీ ఇద్దరికీ ఆసరా.

ఒకసారి అడిగింది. "మన పెరట్లో కూడా చేసిపెట్టకూడదా మావయ్యా? కొబ్బరి ఉంది, జీడిపప్పు ఉంది, మనకేం తక్కువ?"

నిజమే, తక్కువేం లేదు. పలాస, కాశీబుగ్గల్లో ఏ వీధిలో నడిచినా జీడిపిక్కలు కాల్చిన వాసన తగులుతుంది. జీడిపప్పులో దాదాపు సగం కొవ్వే. ఇంగ్లండులోనైతే సగానికి కొట్టిన కొబ్బరి చిప్పలోనే ఈ కొవ్వు నింపి పెరళ్లలో వేలాడదీస్తారు. కొబ్బరి చెట్టు మొలవని ఆ దేశంలో పిట్టలకు కొబ్బరి చిప్ప గిన్నె అయింది. చెట్టు కింద పడిన కాయను ఎత్తుకుంటే చాలు అనుకునే మనకు అది ఎందుకు పనికిరాదు?

ఆ ప్రశ్న నన్ను చాలాకాలం వదల్లేదు. దానికి జవాబు వెతుక్కునే క్రమంలోనే మా ఊరి పిట్టలను నేను సరిగా చూడటం మొదలుపెట్టాను.

మొదటి సంగతి, మన ఎండకు కొవ్వు నిలవదు. పుష్యమాసంలో కూడా మధ్యాహ్నం 28 డిగ్రీలు దాటుతుంది. కొబ్బరినూనెతో పోసిన అచ్చు గంటలో కారిపోతుంది. గొర్రె కొవ్వు కరగకపోయినా మెత్తబడుతుంది, ముక్క వాసన కొడుతుంది. కారిన కొవ్వు పిట్ట పొట్ట ఈకలకు అంటుకుంటే ఆ ఈకలు నీటిని ఆపలేవు. తల్లి పిట్ట ఆ పొట్టతోనే గుడ్లు పొదుగుతుంది. మంచి మనసుతో పెట్టిన పదార్థమే ఒంటికి జిడ్డై వేలాడుతుంది. పచ్చి కొబ్బరి చిప్పను బోర్లా కడితే ఉడుతలూ కాకులూ తింటాయి, నష్టం లేదు. తురిమి ఎండబెట్టిన కొబ్బరి పొడి మాత్రం పెట్టకూడదు, అది కడుపులోకి వెళ్లి ఉబ్బుతుంది. జీడి పలుకులైనా వేరుశనగలైనా వేయించనివి, ఉప్పు లేనివి, బూజు పట్టనివి కావాలి. మా తేమ గాలికి బూజు పట్టడానికి రెండు రోజులు చాలు.

రెండో సంగతి ఇంకా పెద్దది. మా పిట్టలకు చలికాలం ఆకలి కాలం కాదు.

వాటి ఆకలి ఎప్పుడో చూడాలంటే మన పంచాంగంలోనే చూడాలి. కార్తీకం చివర నుంచి పుష్యం దాకా మా చుట్టుపక్కల వరి కోతలు. చేలో రాలిన గింజ, పనల మీద గింజ, కుప్ప చుట్టూ గింజ. పిచ్చుకలు, జినువాయిలు, గువ్వలు గుంపులుగా దిగుతాయి. గట్ల మీద తోక ఊపుతూ నడిచే చిన్న వలస పిట్టలు ఉత్తరం నుంచి వచ్చేదీ అప్పుడే. తడి ఆరని మళ్లలో వాటికి పురుగూ పుట్రా దండిగా ఉంటాయి. మాఘంలో జీడిమామిడి పూత. తేనెపిట్టలకు చేతినిండా పని. ఆకలి, దాహం మొదలయ్యేది చైత్రం తర్వాత. చెరువులు అడుగంటుతాయి, బావుల్లో నీరు దిగిపోతుంది. నడివేసవిలో కాకి నోరు తెరుచుకుని వగరుస్తూ వసారాలోకి వస్తుంది. ఆ వేళ దానికి కావలసింది కొవ్వు కాదు, వెడల్పాటి మట్టి మూకుడులో రెండంగుళాల లోతు నీళ్లు, కాలు ఆనించుకోవడానికి అందులో ఒక రాయి, పిల్లి మాటు వేయలేని చోటు, కొంచెం నీడ. రోజూ పారబోసి కడిగి కొత్త నీళ్లు పోయాలి. కడగని పాత్ర ఎంత చేటు చేస్తుందో ఇంగ్లండు వాళ్లు చూశారు. అక్కడ 2005 నుంచి పెరటి పిట్టల్లో గొంతులో పుండు పుట్టించే ఒక జబ్బు పాకింది. గ్రీన్‌ఫించ్ అనే పచ్చటి పిట్టల సంఖ్య దారుణంగా పడిపోయింది. అన్నీ ఒకేచోట చేరి తినే పళ్లాలు, తాగే తొట్టెలు ఆ జబ్బు పాకడానికి దారి అయ్యాయి.

మిషిగన్‌లో సరైనది ఉద్దానంలో సరికాకపోవచ్చు. పెట్టే చేయి ఒక్కటే అయినా ఎదుటి ఆకలి ఒక్కటి కాదు. ఆకలి ఏ నెలలో వస్తుందో, ఏ రూపంలో వస్తుందో కనిపెట్టి ఉండటమే పెట్టడంలో కష్టమైన భాగం. తక్కినది చేతి పని.

ఆ కనిపెట్టి ఉండటం మా పెద్దవాళ్లకు తెలుసు. వాళ్లు చేసిన ఏర్పాటు వరి ఎన్నుల కుచ్చు.

కోస్తా అంతటా ఉన్న ఆచారమే. మా చిన్నప్పుడు సంక్రాంతికి ముందు తాటాకు ఇళ్ల చూరులకు, పెంకుటిళ్ల వసారా దూలాలకు, గుడి మండపాలకు ఈ కుచ్చులు వేలాడేవి. కట్టడం ఒక విద్య. అందుకు మామూలు పన పనికిరాదు. పంట పూర్తిగా ఎండి గింజ రాలే దశకు రాకముందే, ఇంకా కాస్త పచ్చి ఉండగా, మంచి పొడుగున్న ఎన్నులను ఏరి, కాడ నిండుగా వచ్చేటట్టు కొడవలితో కింది నుంచి కోయాలి. ఆకులు ఒలిచేయాలి. కాడలు పెళుసెక్కితే కాసేపు తడిగుడ్డలో చుట్టి ఉంచాలి. అప్పుడు జడ అల్లినట్టు అల్లాలి. మూడేసి కాడలు వేస్తూ, ప్రతి మలుపులో కొత్త ఎన్నులు కలుపుతూ, గింజలన్నీ ఒకే వైపు కిందికి జాలువారేటట్టు చూడాలి. అల్లిక బిగువుగా ఉంటేనే పిచ్చుక వచ్చి వాలి ఊగినా కుచ్చు విడిపోదు. మా వైపు రాగోలు పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన శ్రీకాకుళం సన్నాలు అనే రకం ఉంది. గింజ సన్నం, ఎన్ను ఒత్తు. సన్న గింజల రకాలతో కట్టిన కుచ్చు చూడటానికి బాగుంటుంది. పిచ్చుకకు సన్నమైనా ముతకైనా ఒకటే.

ఇంట్లో గాదె నిండిన వేళ, చేలో ఇంకా గింజ దొరుకుతున్న వేళ ఈ కుచ్చు ఎందుకు? ఒక రైతును అడిగాను, పండు ముసలాయన. కళ్లంలో కూర్చుని తాడు పేనుతున్నాడు. "మనం కోసిందాంట్లో ఆటి వంతు ఉండదేటి బాబూ? సేనంతా మనమే ఊడ్సీసి తెచ్చీసినాం. పురుగు తిన్నప్పుడు అయ్యే కదా కాసింది" అన్నాడు.

ఆయన లెక్క సరైనది. పిచ్చుక పెద్దయ్యాక గింజ తింటుంది కానీ, గూట్లో పిల్లలకు పెట్టేది పురుగులే, అందులోనూ మెత్తటి ఆకుపురుగులు. పైరు మీద పురుగు ఏరిన నెలలకు కూలి ఆ కుచ్చు. ఇందులో దయ అనే మాటకు చోటే లేదు. వంతు అంటే ఇవ్వవలసింది. ఇచ్చినందుకు పుణ్యం ఆశించనక్కరలేదు, ఇవ్వకపోతే బాకీ పడతాం. రెండు గుప్పెళ్ల ఎన్నులు ఎవరినీ బీదవాణ్ని చేయవు. కానీ తన కోతలో తనది కాని భాగం ఒకటి ఉందని ఏటేటా చేతులతో అల్లి, గుమ్మం ముందు కట్టుకున్న మనిషి మిగతా విషయాల్లో కూడా కొంచెం వేరుగా ఉంటాడని నా నమ్మకం. అలాంటి వాళ్ల గట్టు పక్కవాడి మడిలోకి జరగదు.

ఈ ఏర్పాటులో నాకు నచ్చే ఇంకో గుణం ఉంది. కుచ్చు కట్టిన మనిషి కాపలా ఉండడు. ఏ పిట్ట తిన్నది, ఎన్ని వచ్చాయి, ఎంత మిగిలింది అని చూడడు. గింజ పొట్టులోపల భద్రంగా ఉంటుంది కాబట్టి అది చెడిపోదు, కారిపోదు. మాఘం, ఫాల్గుణం దాటినా గింజ గింజే. చేలు బోసిపోయి, మినుములూ పెసలూ కూడా ఇంటికి చేరి, నేల నెర్రెలు ఇచ్చే వేళకు కూడా దూలానికి ఇంకా నాలుగు ఎన్నులు మిగిలి ఉంటాయి. నిండుగా ఉన్న రోజుల్లో కట్టినది కరువు రోజుల దాకా వేచి ఉంటుంది.

దూరంగా నార్వేలో ఇదే పని చేస్తారు. క్రిస్మస్‌కు ముందు ఓట్స్ పనను కట్టగా కట్టి, ఇంటి ముందు గుంజ మీదనో కప్పు మీదనో నిలబెడతారు. పేరు యూలెనెక్. మంచు పిట్టల తిండిని కప్పేసే వారాల్లో ఆ కట్ట మీద పిట్టలు వాలతాయి. వాళ్లకూ మనకూ రాకపోకలు లేవు. అయినా పంట పండించే మనుషులు రెండు చోట్లా కోత ముగిసిన వేళ, పండగ పూట, ఒకే నిర్ణయానికి వచ్చారు. ఇది నాకు ఎంతో ధైర్యమిచ్చే సంగతి.

ఇప్పుడు మా వైపు కుచ్చులు తగ్గాయి. మనుషులు చెడిపోయారని నేను అనను. కోత మారింది. కూలీలు దొరక్క వరికోత యంత్రం దిగుతోంది. ఉదయం నిలబడి ఉన్న చేను సాయంత్రానికి బస్తాల్లోకి ఎక్కి ఊరు దాటిపోతోంది. పన లేదు, కుప్ప లేదు, కళ్లం లేదు, నూర్పు లేదు. యంత్రం ఎన్నును ఎన్నుగా మిగల్చదు. కుచ్చు కట్టాలన్నా కాడతో ఎన్నులు ఉండవు. కుప్పల చుట్టూ వారాల తరబడి రాలే గింజ కూడా లేకుండా పోయింది. దానికి తోడు తాటాకు చూరు పోయి స్లాబు వచ్చింది. స్లాబుకు పిచ్చుక గూడు పెట్టే సందు లేదు, కుచ్చు కట్టే దూలమూ లేదు. 2020 లో దేశమంతటి పక్షుల లెక్కలు కూర్చినప్పుడు తేలింది ఏమిటంటే, పిచ్చుకలు మొత్తం మీద స్థిరంగానే ఉన్నాయి, హైదరాబాద్ లాంటి మహానగరాల్లో మాత్రం తగ్గాయి. పల్లెలో ఇంకా ఉన్నాయి. ఉన్నప్పుడే చూసుకోవాలి.

టెక్కలి దగ్గర తేలినీలాపురం వెళ్లిన వారికి మరో పాఠం దొరుకుతుంది. సెప్టెంబరు నుంచి మార్చి దాకా ఆ ఊళ్లో చింతచెట్ల మీద, ఇళ్ల మధ్యనే, గూడబాతులూ ఎర్రకాళ్ల కొంగలూ గూళ్లు పెట్టి పిల్లలను పెంచుతాయి. గూడబాతు అంటే అందరూ పెలికాన్ అని పిలిచే, ముక్కు కింద సంచి ఉన్న పెద్ద పక్షి. సైబీరియా నుంచి వస్తాయని చుట్టుపక్కల చెప్పుకుంటారు. నిజానికి ఈ రెండు రకాలూ మన ఉపఖండానికీ ఆగ్నేయాసియాకూ చెందినవే. ఎక్కడి నుంచి వచ్చినా ఊరివాళ్లకు అవి పుట్టింటికి వచ్చిన ఆడపడుచులు. వస్తే పంట బాగుంటుందని నమ్మకం. కిందపడే రెట్టల వాసన, రాత్రింబవళ్లు ముక్కుల చప్పుడు, చెట్టు కింద బట్టలు ఆరేసుకోలేని ఇబ్బంది, అన్నీ భరిస్తారు. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలో తొలకరితో పాటు వచ్చే నత్తగొట్టు కొంగలకూ అదే ఆదరణ.

ఆ ఊళ్లలో ఎవరూ ఆ పక్షులకు తిండి పెట్టరు. పెట్టలేరు కూడా, అంత పెద్ద పక్షికి కావలసిన చేపలు ఎవరు తేగలరు? వాళ్లు చేసేది ఒక్కటే, చెట్టు కొట్టరు, అదిలించరు. చేపల సంగతి నౌపడ, కాకరాపల్లి తంపర చూసుకుంటుంది. ఉప్పు మడుల పక్కన, వాన నీరూ సముద్రపు పోటూ కలిసే ఆ పల్లపు నేలే వాటి వంటిల్లు. చెట్టు ఉండి తంపర లేకపోతే ఆడపడుచు పుట్టింటికి వచ్చి పస్తు పడుకున్నట్టే.

ఆ తంపరలోనే థర్మల్ విద్యుత్ కేంద్రం తలపెట్టినప్పుడు ఊళ్లు అడ్డుపడ్డాయి. 2011 ఫిబ్రవరి 28 న కాకరాపల్లి వైపు, అంతకుముందు 2010 జూలై 14 న, ఇలాంటి కేంద్రమే తలపెట్టిన సోంపేట బీల అనే చిత్తడి నేల దగ్గర, పోలీసు కాల్పుల్లో మనుషులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. సోంపేటలో ఆ కేంద్రం రాలేదు, బీల మిగిలింది. ఆ మనుషులు పిట్టల కోసం నిలబడ్డారని చెప్పను. తమ చేపల కోసం, పొలానికి పారే నీళ్ల కోసం, పశువుల మేత కోసం నిలబడ్డారు. కానీ వాళ్లు నిలబెట్టుకున్న నీళ్లలోనే కొంగలూ దిగుతున్నాయి. పిట్టకు పెట్టే పెద్ద భోజనం ఏదని అడిగితే, పూడ్చకుండా వదిలిన పల్లపు నేల అని చెబుతాను. పెరట్లో మూకుడు ఆ తర్వాతి మాట.

చెట్టు విలువ మాకు తిత్లీ చెప్పింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున ఆ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. లక్షల కొబ్బరి చెట్లు ఒక్క రాత్రిలో పడ్డాయి, జీడితోటలు వేళ్లతో సహా లేచిపోయాయి. తాతలు నాటిన పనస చెట్లు, ఒక్కొక్కటి ఒక్కో కుటుంబాన్ని పోషించినవి, అడ్డంగా పడి ఉన్నాయి. రోజుల తరబడి కరెంటు లేదు, తాగునీళ్లు లేవు. ఆ రోజుల్లో పక్షులు మనుషులకు బాగా దగ్గరగా వచ్చాయి. వాలడానికి కొమ్మ లేక, పడిన మొద్దుల మీద కాకులు కూర్చునేవి. రామచిలుకలు తొర్రలు పోగొట్టుకుని గోలగా తిరిగేవి. గోరింకలు వంట దగ్గరికే వచ్చేవి. మనకే కరువైన అన్నంలోంచి ఆడవాళ్లు ఒక ముద్ద పక్కకు పెట్టడం చూశాను. అంత నష్టంలో ఆ ముద్ద ఎందుకు పెట్టారని వాళ్లను అడిగినా చెప్పలేకపోయేవారేమో. రోజూ పెట్టే అలవాటు చేతికి ఉంది, చేయి ఆగలేదు.

కొబ్బరి మొక్క కాపుకు రావడానికి ఐదారేళ్లు పడుతుంది. తిత్లీ తర్వాత నాటినవి ఇప్పుడు గెలలు వేస్తున్నాయి. ఈ మధ్య ఒక తోటలో, రైతు కొబ్బరి వరసల మధ్య ఒక మర్రి మొక్కను పీకేయకుండా వదిలేశాడు. నీడ పడి కొబ్బరి కాపు తగ్గుతుంది కదా అంటే, మూల గట్టు మీద ఉందిలే, పిట్టలకు ఉండనీ అన్నాడు. మర్రి, మేడి, జువ్వి చెట్లు ఏడాదిలో ఏదో ఒక వేళ పండ్లతో నిండుతాయి. కోకిలలకు, పిగిలిపిట్టలకు, గోరింకలకు అది ఎవరూ వడ్డించనక్కరలేని విందు.

మనుషుల బాధలే తీరని చోట పిట్టల మాటేమిటని ఎవరైనా అడగవచ్చు. ఆ ప్రశ్నను నేను తేలిగ్గా తీసిపారేయను. ఉద్దానంలో కిడ్నీ జబ్బు లేని వీధి తక్కువ. కారణం ఇదీ అని శాస్త్రజ్ఞులు ఇంకా తేల్చలేదు. వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్లి వచ్చే మనుషులున్న ఇళ్లు నాకు తెలుసు. నీళ్లు తాగాలంటేనే భయపడిన ఊళ్లు ఇవి. అలాంటి ఒక ఇంట్లో, డయాలసిస్ చేయించుకుని వచ్చి వసారాలో మంచం మీద వాలిన పెద్దాయనకు రోజంతా చూడటానికి ఉన్నది ఎదుటి చిక్కుడు పందిరి, దాని మీద తిరిగే పిట్టలు. తాను తాగే నీళ్లకు లెక్క ఉంది, గ్లాసుతో కొలుచుకుని తాగాలి. కానీ పందిరి కింద మూకుడులో నీళ్లు అయిపోతే మనవణ్ని కేకేసి నింపిస్తాడు. పిట్టల మాట ఎందుకని అడిగేవారికి నేను ఆయన్ని చూపిస్తాను. బాధ ఉన్నవారు ఇవ్వలేరని అనుకోవడం వారిని తక్కువ చేయడమే. ఆయన రోజులో తన ఇష్టంతో జరిగే పనుల్లో అదొకటి.

మా మేనకోడలికి ఈ సంగతులన్నీ విడతలు విడతలుగా చెప్పాను. తన కొవ్వు అచ్చులు తనకు సరైనవే, మానొద్దని చెప్పాను. మార్చి దాటి మంచు కరిగాక ఆ పంజరం తీసేసి, పెరట్లో మందు కొట్టని మూల ఒకటి వదలమన్నాను. చికడీ కూడా తన పిల్లలను పెంచేది ఆకుపురుగులతోనే. నవ్వి, ఒక మూల గడ్డి కోయకుండా వదిలేస్తానంది. "పక్కింటివాళ్లు ఏమనుకున్నా ఫర్వాలేదు మావయ్యా" అంది.

ఇక మన సంగతి. మీకు పొలం ఉంటే, యంత్రం రావడానికి నాలుగు రోజుల ముందు గట్టు పక్కన ఒక బారెడు చేను కొడవలితో కోయించి పక్కన పెట్టండి. అల్లడం తెలిసిన పెద్దవాళ్లు ఊరికి ఒకరిద్దరైనా ఇంకా ఉన్నారు. పిల్లలను వారి పక్కన కూర్చోబెట్టండి, అది ఒక మధ్యాహ్నం పని. పొలం లేకపోతే ఊళ్లో రైతును అడగండి. రెండు గుప్పెళ్ల ఎన్నులు కాదనేవాళ్లు మా జిల్లాలో నాకు కనపడలేదు. స్లాబు ఇంటికి దూలం లేకపోతే కిటికీ చువ్వకు కట్టండి, పిల్లికి అందనంత ఎత్తులో. చైత్రం రాగానే దాని కింద నీళ్ల మూకుడు పెట్టండి. రోజూ కడగండి. ఈ ఏడు కోతలు మొదలయ్యేలోపే ఆ మాట మీ రైతుతో చెప్పి ఉంచండి. యంత్రం ఒకసారి చేలోకి దిగాక ఎన్ను మిగలదు.